ముందు కడుపు, తర్వాత మోకాలు

పోయేముందు రోజు జూరాకాన్ ఎజె చేసిన ఆఖరి ఘనకార్యం, నరిన్ పట్నం వెళ్ళే బస్సుని పదకొండు నిమిషాలు ఆపేయడం.

బస్సు నిండా జనం ఉన్నారు. ఇంజను గుర్రుగుర్రుమంటోంది. డ్రైవరు ఎసెన్కుల్ మాత్రం ఆవిడ మందుల కొట్టు ముందు నిలబడి, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా పావు రొట్టె నములుతున్నాడు.

"మింగెయ్యకు, నములు," అంది జూరాకాన్ ఎజె.

"ఎజె, బస్సు ఆగి ఉంది."

"బస్సుకి కడుపు లేదు, ఆగుతుంది. నీకుంది. ఊఁ, పొద్దున్న ఏ రంగు?"

ఎసెన్కుల్ వెనక్కి తిరిగి చూశాడు. బస్సు కిటికీలన్నిటికీ ముఖాలు అతుక్కుని ఉన్నాయి. నడివయసు మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, సిగ్గుతో సగమైపోతూ, కొట్టు బల్లకి వేలాడుతున్న ఉన్ని పట్టీ మీద మూడో ముక్కని వేలితో ముట్టుకున్నాడు.

"పాలు లేని టీ!" అని ఆవిడ పైకి ప్రకటించింది, బస్సులో చివరి సీటుదాకా వినపడేలా. "మంచి రంగు. ఇక వెళ్ళు."

బస్సులో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇదంతా పక్క మందుల కొట్టులోంచి చూస్తున్న బురుల్ గాజు అల్మారా తలుపు ఠపీమని మూసింది. 'నా కొట్టు ముందు బస్సు కాదు కదా, చక్రాల బండి కూడా ఆగదు,' అనుకుంది. ఆ మాట తొమ్మిదేళ్ళుగా రోజుకి రెండుసార్లయినా అనుకునేది. ఆవిడ బతికి ఉండగా అలా అనుకోవడం అదే ఆఖరుసారి అని ఆ బుధవారం తనకి తెలియదు.

జూరాకాన్ ఎజెకి, అంటే మా మాటల్లో జూరాకాన్ అక్కకి, ఉన్నది ఒకటే పిచ్చి. ఎదుటివాళ్ళ కడుపు. అందులోనూ నొప్పి మాత్రలు మింగేవాళ్ళ కడుపు. మా కొండ ఊరు ఆత్‌బాషిలో ఇద్దరు ఎదురుపడితే పశువులు క్షేమమా, పిల్లలు క్షేమమా అని అడుగుతాం. ఆవిడా అడిగేది. కాకపోతే ఒకే ఊపిరిలో, "పశువులు క్షేమమా, పిల్లలు క్షేమమా, పొద్దున్న ఏ రంగు?" అని పూర్తిచేసేది. పెళ్ళిలో అడిగింది. గొర్రెల సంతలో అడిగింది. ఒకసారి నరిన్ నుంచి వచ్చిన పెద్ద అధికారిని, ఆయన కుంటుతూ కారు దిగడం చూసి, పూలగుత్తి ఇవ్వడానికి బదులు అదే అడిగింది. ఆయన తెల్లబోయి, పక్కనున్న గుమాస్తా వంక చూసి, ఆ తర్వాత జవాబు చెప్పాడు. ఆవిడ అడిగితే ఎవరైనా చెప్పేవారు. బురుల్ ఏడుపంతా అక్కడే.

మా ఊళ్ళో మగవాళ్ళ మోకాళ్ళని గుర్రాలు తినేశాయి. ఆడవాళ్ళ మోకాళ్ళని ఉన్ని తినేసింది. తడి ఉన్నిని చుట్టగా చుట్టి, నేల మీద మోకాళ్ళూని, మోచేతులతో దొర్లించి దొర్లించి తివాచీలు చేసే ఊరు మాది. నలభై దాటేసరికి ఎముకలు కిర్రుమంటాయి. టీ ఆకు తర్వాత మా ఊళ్ళో ఎక్కువగా ఖర్చయ్యేది నొప్పి మాత్రే. ఏళ్ళ తరబడి, రోజుకి రెండు, చలికాలమైతే మూడు.

జూరాకాన్ ఎజె ముప్పై ఏళ్ళు పై మేతభూముల్లో గుర్రమెక్కి గుడారం గుడారం తిరిగి వైద్యం చేసిన మనిషి. పింఛను వచ్చాక ఊరికే కూర్చోలేక బజారులో కొట్టు పెట్టింది. కొట్టు మీద పేరు రాయించమంటే, మందుల కొట్టు అని రాయించకుండా, 'ముందు కడుపు, తర్వాత మోకాలు' అని రాయించింది. కొత్తవాళ్ళు అది పూటకూళ్ళ ఇల్లనుకుని లోపలికి వచ్చి, సూపు ఉందా అని అడిగేవారు. వాళ్ళని కూడా రంగు అడిగి పంపేది.

ఆ పట్టీ గురించి చెప్పాలి. తివాచీలు కుట్టగా మిగిలిన ఉన్ని తునకలు ఏడు, వరసగా కుట్టి బల్లకి వేలాడదీసింది. బార్లీ గడ్డి, పాలు పోసిన టీ, పాలు లేని టీ, కొత్త జీను, పాత జీను, పొగచూరిన కెటిల్, చివరిది తారు. నొప్పి మాత్ర కావాలంటే ముందు, పొద్దున్న దొడ్డికి ఏ రంగులో అయిందో పట్టీ మీద వేలు పెట్టి చూపాలి. మొదటి అయిదు ముక్కల్లో దేని మీద పెట్టినా ఆవిడ ముఖం వికసించేది. ఆరో ముక్క దగ్గర కళ్ళజోడు సర్దుకునేది. ఏడో ముక్క ముట్టుకున్నవాడు ఇంటికి వెళ్ళకూడదు, ఆవిడతో ఆసుపత్రికి వెళ్ళాలి. కడుపులో పుండు పడి నెత్తురు కారితే అది కిందికి దిగేసరికి తారులా నల్లబడుతుందని ఆవిడ మూడేళ్ళ పిల్లలకి కూడా నేర్పింది. మా ఊరి పిల్లలకి రంగుల పేర్లు ఆ వరసలోనే వచ్చు.

పట్టీ తర్వాత రొట్టె. మా దగ్గర గడప దాకా వచ్చిన మనిషి రొట్టె ముట్టకుండా వెళ్ళకూడదు. వేళ్ళతో ఇంత గిల్లి నోట్లో వేసుకుంటే చాలు, మర్యాద తీరినట్టే. దాంతో వచ్చింది చిక్కు. ఏదైనా తిని మాత్ర వేసుకోండని డాక్టరు చెబితే, ఊరంతా ఆ గిల్లుడుతో సరిపెట్టేది.

"తిన్నావా?" అని ముకాష్‌ని అడిగింది ఒకసారి. ముకాష్ ఒకప్పుడు గుర్రపు పందేల్లో పేరు మోసినవాడు. ఇప్పుడు అతని మోకాలు కన్నా అతని గుర్రం మోకాలే నయం.

"రొట్టె ముట్టాను ఎజె."

"ఎంత?"

ముకాష్ చిటికెనవేలి గోరు చూపించాడు.

"నీ గుర్రానికీ ఇంతే గడ్డి వేస్తావా?"

"గుర్రం పనిచేస్తుంది కదా ఎజె!"

ఆ జవాబుకి సగం రొట్టె తినిపించింది. ఎసెన్కుల్ ఇంకా తెలివైనవాడు. మాత్ర మానేసి, అదే మందు సూది వేయించుకోవడం మొదలుపెట్టాడు. తుంటికి వేసే సూదికీ కడుపుకీ ఏం సంబంధం అని అతని లెక్క.

"నీ బస్సులో వెనక తలుపులోంచి ఎక్కినవాణ్ని టికెట్టు అడగవా?" అంది ఆవిడ.

"అడుగుతాను."

"ఎక్కడ్నుంచి ఎక్కినా కూర్చునేది అదే బస్సులో కదా. నీ మందూ అంతే. తుంటిలోంచి ఎక్కినా తిరిగేది నీ నెత్తురులోనే, పాడుచేసేది నీ కడుపునే. టికెట్టు తియ్యి, రొట్టె తిను."

ఈ మాటలన్నీ పక్క కొట్టులోకి వినపడేవి. రెండు కొట్లకీ మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ. బురుల్ రాజధాని బిష్కెక్‌లో అయిదేళ్ళు మందుల చదువు చదివింది. భర్త రష్యాలో పనికని వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాక, తల్లి బాల్జాన్ అపా దగ్గరికి వచ్చేసి, ఉన్న నగలు పెట్టి ఈ కొట్టు తెరిచింది. గాజు అల్మారాలు, నీలం దీపాలు, గోడ మీద చదువు పత్రం, నిలువెత్తు అద్దం. ఏ ప్రశ్నా లేదు, నవ్వుతూ అడిగింది ఇవ్వడమే. జనం వచ్చేవారు. అద్దంలో చూసుకుని తలగుడ్డ సరిచేసుకుని, "చాలా బాగుందమ్మా అద్దం," అని మెచ్చుకుని, వెళ్ళి జూరాకాన్ ఎజె వరసలో నిలబడేవారు.

తిట్లు తినడానికి వరస! దాన్ని చూస్తే బురుల్‌కి ఒళ్ళు మండేది. ఆవిడకి జనం ఎండు పెరుగు ఉండలు తెచ్చేవారు, జామ్ సీసాలు తెచ్చేవారు, గొర్రెని కోస్తే మంచి ముక్క తెచ్చేవారు. బురుల్‌కి చిల్లర తెచ్చేవారు.

ఒక్క విషయంలో మాత్రం బురుల్‌దే పైచేయి. కడుపు పుండు రాకుండా పొద్దున్నే టీకి అరగంట ముందు వేసుకునే క్యాప్సూలు ఉంది. నొప్పి మాత్రలు ఆవిడ దగ్గర కొన్నా, ఈ క్యాప్సూలు కోసం మాత్రం జనం బురుల్ దగ్గరికే వచ్చేవారు. కొందరు నోట్లో రొట్టె ఇంకా నములుతూనే వచ్చేవారు.

"ఎవరు పంపారు?" అని బురుల్ అడిగేది ఆశగా.

"ఎవరూ లేదమ్మా. నీ దగ్గర సరుకు తాజాగా ఉంటుంది కదా."

బురుల్ ఆ మాటని దాచుకుని దాచుకుని మురిసిపోయేది. జూరాకాన్ ఎజె కొట్టు పై అరలో ఆ క్యాప్సూళ్ళ పెట్టె ఒకే ఒకటి కనపడేది. ఏడాది తిరిగినా ఆ పెట్టె అక్కడ్నుంచి కదలదు. రోజూ తాళం వేసి వెళ్ళేముందు బురుల్ ఆ ఒంటరి పెట్టె వంక ఒకసారి తృప్తిగా చూసుకునేది. మిగతా రోజంతా పడిన కడుపుమంటకి అదే మందు.

ఒకరోజు ఉండబట్టలేక చదువు బయటికి తీసింది.

"ఎజె, రొట్టె తింటే కడుపులో పుండు పడదని ఏ పుస్తకంలో ఉంది? నేను చదివినవాటిలో ఎక్కడా లేదు."

"ఎక్కడా లేదు," అంది జూరాకాన్ ఎజె శాంతంగా. "రొట్టె పుండుని ఆపదు. ఆపేది నీ క్యాప్సూలే. ఇంకా ఆపేది తక్కువ మాత్రలు, తక్కువ రోజులు."

"మరి ఎందుకు తినిపిస్తారు?"

"పావు రొట్టె నమలడానికి పది నిమిషాలు పడుతుంది పిల్లా. ఆ పది నిమిషాలూ నా ముందు నుంచి కదలలేడు. నోరు నిండా ఉంది కనక అబద్ధం కూడా సరిగా ఆడలేడు. గుండెకని ఇంకేం మింగుతున్నాడో, తమ్ముడి ఇంట్లో ఏ మాత్ర అరువు తెచ్చుకున్నాడో, ఎంత తాగుతున్నాడో అన్నీ బయటికి వస్తాయి. వట్టిగా అడిగితే ఒక్కడైనా చెబుతాడా?"

బురుల్‌కి ఆ పూట అన్నం సహించలేదు. ఆవిడ తప్పు చెప్పినా బాగుండేది. ఒప్పు చెప్పింది, పైగా తనకి తట్టనిది చెప్పింది.

వారం తిరగకుండా తనూ ఒక పట్టీ చేయించింది. రంగు కాగితం మీద అచ్చు వేయించి, అద్దం పక్కన అతికించింది. మొదట వచ్చింది రిటైరైన హెడ్మాస్టరుగారు.

"మాస్టారూ, పొద్దున్న ఏ రంగు?" అంది బురుల్, ఎంత కుదిరితే అంత చనువుగా.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఆడపిల్లవి, సిగ్గులేదూ! నీకు అక్షరాలు నేర్పింది ఇందుకా?" అని చేతికర్ర టకటకలాడిస్తూ వెళ్ళి పక్క కొట్టు ముందు నిలబడ్డాడు. మరుక్షణం గోడ అవతల్నుంచి ఆయన గొంతే, మనవరాలి పద్యం అప్పజెప్పినంత మురిపెంగా వినపడింది. "కొత్త జీను ఎజె! మూడు రోజుల్నుంచీ కొత్త జీనే!"

బురుల్ కాగితం పట్టీ చింపేసింది.

అన్నిటికన్నా పెద్ద గాయం ఇంట్లోనే ఉంది. బాల్జాన్ అపా నలభై ఏళ్ళు తివాచీలు చుట్టిన మనిషి. రెండు మోకాళ్ళూ ఉబ్బి గుమ్మడికాయల్లా ఉండేవి. ఆమె కూడా కన్నకూతురి కొట్టు దాటుకుని వెళ్ళి పక్కకొట్టు వరసలోనే నిలబడేది.

"అపా, ఊరంతా నవ్వుతోంది. కూతురి కొట్టు పక్కనే పెట్టుకుని..."

"నీ దగ్గరేముందే? మాత్ర ఇస్తావు, అంతే. ఆవిడ తిడుతుంది."

"తిట్టించుకోవడానికి వెళ్తావా?"

"మీ నాన్న పోయాక నన్ను తిట్టేవాళ్ళెవరున్నారు చెప్పు? నీకేమో తీరికే లేదాయె."

ఇంతలో బజారుకి ఒక పండగ వచ్చినట్టయింది. ముకాష్ ఏడో ముక్క మీద వేలు పెట్టాడు. తారు! జూరాకాన్ ఎజె కొట్టు మూసేసి, దారిన పోతున్న కారు ఆపి, కిక్కురుమననివ్వకుండా అతన్ని వెనక సీట్లో కూలేసి, ఒళ్ళో దిండు పెట్టి, "కదలకు, మాట్లాడకు, పోతావు," అని బెదిరించి పన్నెండు కిలోమీటర్లు తీసుకుపోయింది. ముకాష్ భయంతో కారులోనే పెళ్ళాం పేర గుర్రం రాసిచ్చేశాడు. సగం దారిలో ఆవిడకి అనుమానం వచ్చింది.

"నిన్న ఏం తిన్నావు?"

"విందు భోజనం ఎజె. కాస్త ఎక్కువైంది."

"ఎక్కువైతే ఏం వేసుకున్నావు?"

"బొగ్గు మాత్రలు. బురుల్ దగ్గర కొన్నాను. ఇరవై."

కారు వెనక్కి తిరిగింది. బొగ్గు మింగితే నల్లగా రాక ఏ రంగులో వస్తుంది! బురుల్ వారం రోజులు నవ్వింది. గోడకి చెవి పెట్టాల్సిన పని లేకుండా, గోడ అవతలికి వినపడేలా నవ్వింది. జూరాకాన్ ఎజె మాత్రం కొంచెం కూడా చిన్నబుచ్చుకోలేదు. పట్టీ పక్కన ఒక కాగితం అంటించింది: 'బొగ్గు మాత్రలా? నల్ల పళ్ళ జామా? నెత్తురు పెరిగే ఇనుము మందా? ముందే చెప్పు.' పెళ్ళాం మాత్రం గుర్రాన్ని తిరిగి ఇవ్వలేదు.

ఆ నవ్వు ఊపులోనే బురుల్ ఒక పని చేసింది. ఆ శరదృతువులో బాల్జాన్ అపాకి నొప్పి ఎక్కువైంది. తల్లి మోకాళ్ళు కూడా ఆవిడ సొత్తేనా అనిపించింది బురుల్‌కి. కొత్తగా వచ్చిన పసుపు మాత్రల పెట్టె ఇంటికి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"జర్మనీది అపా. వేడినీళ్ళ కాపడంలా పనిచేస్తుంది. రొట్టె అక్కర్లేదు, రంగు అక్కర్లేదు. నీ కూతురు ఇచ్చిందని ఒక్కసారి వేసుకుని చూడు."

పక్క కొట్టు తెల్ల మాత్ర మానేశావా అని అడగలేదు. అడిగితే 'లేదు' అంటుందేమోనని, ఆ పేరు వినాల్సి వస్తుందేమోనని అడగలేదు. మాత్రల చదువు చదివిన మనిషి తన కొట్టులో పొరుగువాళ్ళకైనా చెప్పే ముక్క, ఆ రెండూ పేర్లే వేరు, రకం ఒకటే, కలిపి మింగితే కడుపుకి రెట్టింపు దెబ్బ అన్న ముక్క, ఇంట్లో తల్లికి చెప్పలేదు.

బాల్జాన్ అపా మంచి మనిషి. తిట్టే స్నేహితురాలు నొచ్చుకుంటుందని తెల్లది మానలేదు. కూతురు నొచ్చుకుంటుందని పసుపుది మానలేదు. మానింది ఒక్క క్యాప్సూలే. అది వేసుకుంటే అరగంటసేపు టీ ముట్టకూడదు. పొద్దున్నే టీ లేకుండా అరగంట! దానికన్నా మోకాలి నొప్పే నయమని ఆ డబ్బాని టీ ఆకు వెనక దాచేసింది.

మూడు వారాలు గడిచాక ఒక ఆదివారం, సంత రోజు, బాల్జాన్ అపా వరసలో నిలబడింది. తన వంతు వచ్చింది. వేలు మొదటి ముక్క మీంచి మెల్లగా జరుగుతూ జరుగుతూ వెళ్ళి తారు మీద ఆగింది.

వరసలో ముకాష్ పకపకా నవ్వాడు. "బొగ్గు మాత్రలేనా అపా?"

బురుల్ బయటికి వచ్చింది. తల్లి అందరి ముందూ ఆ పట్టీ మీద వేలు పెట్టడమే ఆమెకి తలకొట్టేసినట్టుంది. "ఏం లేదు, నల్ల పళ్ళ జామ్ తిని ఉంటుంది. ఈవిడ వేషాలకి మా అమ్మే దొరికిందా!" అంది.

జూరాకాన్ ఎజె ఆమె వంక చూడలేదు. బాల్జాన్ అపా కనురెప్ప కిందికి లాగి చూసింది. లోపల ఉప్పులా తెల్లగా ఉంది.

"జామ్ తిన్నావా?"

"లేదు."

"బొగ్గు? ఇనుము?"

"లేదు. మూడు రోజులుగా లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి."

"నేనిచ్చిన తెల్లది కాక ఇంకేం వేసుకుంటున్నావు?"

బాల్జాన్ అపా నేల వంక చూసింది. ఆ తర్వాత, ఒక్క రెప్పపాటు, కూతురి వంక చూసింది. అంతే. ఆ చూపు జూరాకాన్ ఎజెకీ బురుల్‌కీ మాత్రమే అర్థమైంది.

జూరాకాన్ ఎజె గట్టిగా చప్పట్లు కొట్టింది. "ఎసెన్కుల్! బస్సు!"

"టైము కాలేదు ఎజె!"

"ఇప్పుడయింది."

బస్సు నరిన్ దాకా ఎక్కడా ఆగలేదు. దారిలో చెయ్యెత్తినవాళ్ళందరూ ఎసెన్కుల్‌ని తరతరాలకీ తిట్టారు. బాల్జాన్ అపా చివరి సీట్లో పడుకుని, తల స్నేహితురాలి ఒళ్ళో, కాళ్ళు కూతురి ఒళ్ళో పెట్టుకుంది. అక్కడ కూడా బురుల్‌కి అనిపించింది, తల ఆవిడకి వచ్చింది, నాకు కాళ్ళొచ్చాయి అని. అలా అనిపించినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఆసుపత్రిలో గొట్టం వేసి చూశారు. పుండు, దానిలోంచి నెత్తురు. కారే చోటు మూసేశారు, రెండు సీసాల నెత్తురు ఎక్కించారు. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో వయసులో ఉన్న ఆ డాక్టరమ్మ చెప్పలేదు, కానీ ముఖంలో కనపడింది. ఆ తర్వాత మందుల సంగతి అడిగింది. బురుల్ తలుపు బయట నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి చెప్పాలి. కాలు కదలలేదు.

"తెల్లదీ పసుపుదీ రెండూ కలిపి వాడారా? ఎవరిచ్చారు?"

"నేనే," అంది జూరాకాన్ ఎజె గొంతు.

"మీరు ముప్పై ఏళ్ళు వైద్యం చేశానన్నారే! ఈ రెండూ కలపకూడదని తెలియదా?"

"వయసైపోయిందమ్మా. తెల్లది ఇచ్చిన సంగతి మరిచిపోయి పసుపుది ఇచ్చాను."

డాక్టరమ్మ తిట్టింది. మా ఊరినంతటినీ తిట్టిన జూరాకాన్ ఎజె, తలగుడ్డ సరిచేసుకుంటూ, చిన్నపిల్లలా అంతా విన్నది.

బయటికి వచ్చాక బురుల్ చెయ్యి పట్టుకుంది. "ఎజె, నేను చెప్పేస్తాను. బజారంతటికీ చెబుతాను."

"చెప్పు. నేను ముసలిదాన్ని, మరిచిపోయానంటే నమ్ముతారు. నీకు ముప్పై ఆరు. నువ్వు మరిచిపోయానంటే ఎవరు నమ్ముతారు?"

"కానీ మీ పేరు..."

"నా పేరుకేం? పై మేతల్లో ఒక కాపరి ఉండేవాడు. వాడి మోకాలు ఎలా ఉందని మూడు నెలలు అడిగాను. కడుపు సంగతి ఒక్కసారి అడగలేదు. నాలుగో నెల వెళ్ళేసరికి గుడారం ముందు జనం ఉన్నారు. నా తప్పుల మూట నా దగ్గర ఉంది పిల్లా. నీది ఇందులో పడేస్తే బరువేం పెరగదు."

బురుల్‌కి ఏడుపొచ్చింది, దాని వెనకే పాత మంట కూడా వచ్చింది. చివరికి తన తప్పుని కూడా ఆవిడే పట్టుకుపోయింది!

ఆ చలికాలం జూరాకాన్ ఎజె వరస సగమైంది. "రెండు మాత్రలు కలిపిన ఎజె" అని వెనకాల నవ్వుకున్నారు. హెడ్మాస్టరుగారు బురుల్ కొట్టుకి మారాడు. ఏడేళ్ళు కోరుకున్న వరస తన ముందు నిలబడితే, బురుల్‌కి ఒక్కరి ముఖం వంకా చూడబుద్ధి కాలేదు. ఒక్కటి మాత్రం మొదలుపెట్టింది. "ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు? ఇంట్లో ఇంకెవరిచ్చారు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా మాత్ర చేతిలోనే ఉంచుకునేది. వసంతానికి హెడ్మాస్టరుగారు, తిట్లు లేనిదే తోచడం లేదని, మళ్ళీ పక్క వరసకి వెళ్ళిపోయాడు.

బాల్జాన్ అపా ఇంటికి వచ్చిన రోజు జూరాకాన్ ఎజె ఆజ్ఞలు జారీచేసింది. తెల్లదీ లేదు, పసుపుదీ లేదు. మోకాళ్ళకి పూత మందు, మరీ నొప్పైతే జ్వరం మాత్ర. కడుపులో ఉన్న క్రిమికి డాక్టరమ్మ ఇచ్చిన మందు పూర్తిగా వాడాలి. క్యాప్సూలు మాత్రం మానకూడదు.

"అరగంట టీ లేకుండా ఉండలేనే," అని బాల్జాన్ అపా ఏడుపు ముఖం పెట్టింది.

"ఆ అరగంట నీ కూతురిది," అంది జూరాకాన్ ఎజె. "ఏమే బురుల్, పొద్దున్నే క్యాప్సూలు వేయించి, అరగంట పక్కన కూర్చుని, టీ గుర్తు రాకుండా కబుర్లు చెప్పు. అరగంట తర్వాత కొట్టుకి రా. ముందొచ్చావో, నీ అద్దం పగలగొడతాను."

అలా రెండేళ్ళు, రోజూ పొద్దున్న అరగంట, తల్లీ కూతుళ్ళు ఖాళీ గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పెళ్ళయ్యాక బురుల్ తల్లితో అంతసేపు మాట్లాడింది అదే. అయితే ఆ అరగంటలో బాల్జాన్ అపా చెప్పే కబుర్లలో ముప్పావువంతు జూరాకాన్ ఎజె గురించే. బురుల్ పళ్ళు కొరుక్కుంటూ వినేది.

ఈ ఫిబ్రవరిలో, బస్సు ఆపిన మర్నాడు, గురువారం, పక్క కొట్టు తెరుచుకోలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. డెబ్బై నాలుగేళ్ళు. కడుపుకి ఏమీ కాలేదు.

సంతాపానికి గుడారం వేశారు. ఆడవాళ్ళు శోకాలు పాడారు. ఎవరెవరు ఎక్కడెక్కడ్నుంచి వచ్చారో, గుర్రాలు కట్టడానికి కంచె చాలలేదు. బురుల్ గుమ్మంలో నిలబడి ఆ జనాన్ని చూస్తూ, 'నేను పోతే ఇందులో పదో వంతైనా వస్తారా,' అనుకుంది. ఆనక తనకే నవ్వొచ్చి, తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. వచ్చినవాళ్ళంతా గడప దగ్గర రొట్టె ముడుతున్నారు. ఒక్కరూ గిల్లడం లేదు. పెద్ద పెద్ద ముక్కలు విరిచి, నిలబడి, నమిలి నమిలి తింటున్నారు.

నలభయ్యో రోజు అయ్యాక, కొట్టు ఖాళీ చెయ్యమని ఆవిడ కొడుకు బురుల్‌నే అడిగాడు. మందులు తెలిసినది తనే కదా. బాల్జాన్ అపా కుర్చీలో కూర్చుని పట్టీని ఒళ్ళో పెట్టుకుంది. బురుల్ ఒక్కొక్క అరా దులిపింది. చివరికి స్టూలెక్కి, తొమ్మిదేళ్ళు రోజూ కళ్ళారా చూసుకున్న ఆ ఒంటరి క్యాప్సూళ్ళ పెట్టెని దించింది. తేలిగ్గా ఉంది. మూత తీస్తే లోపల సూదులు, దారం ఉండ, కొన్ని నల్ల ఉన్ని తునకలు. పెట్టె మీద గడువు ఏడేళ్ళ కిందటే తీరిపోయింది. కొట్టంతా మళ్ళీ వెతికింది. నొప్పి మాత్రలున్నాయి, పూత మందులున్నాయి. ఆ క్యాప్సూలు మాత్రం ఒక్కటి కూడా లేదు.

బయట ఎసెన్కుల్ బస్సు తుడుస్తున్నాడు. బురుల్ పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఎసెన్కుల్ అన్నా, నీ క్యాప్సూళ్ళు మొదట్నుంచీ నా దగ్గరే కొంటున్నావు. ఎవరు పంపారు?"

"ఎవరూ లేదు. నీ దగ్గర సరుకు తాజా..."

"ఆవిడ పోయింది. ఇప్పుడైనా చెప్పు."

ఎసెన్కుల్ గుడ్డ పిండి బస్సు అద్దం మీద ఆరేశాడు. "ఎవరు పంపారంటే, సరుకు తాజా అని చెప్పమంది. అందరికీ అదే చెప్పింది. 'నా దగ్గర అయిపోయింది, పక్కన బురుల్ దగ్గర తీసుకో, నా పేరెత్తావంటే నీ కడుపు నేను చూడను,' అనేది."

"తొమ్మిదేళ్ళూనా?"

"తొమ్మిదేళ్ళూ. ఎప్పుడడిగినా, ఇవాళ పొద్దున్నే అయిపోయిందనేది."